ఓడలో వచ్చిన అప్పన్న

"మూడు రోజులు ఎద్దుబండెక్కి ఊరేగడానికి నీకేటి పదారేళ్ళనుకున్నావా?" అన్నాడు బాలయ్య. ఆ సాయంత్రం ఆ మాట అనడం అది నాలుగోసారి.

"పదారేళ్ళప్పుడు నువ్వు నన్నెక్కడ ఊరేగించావు గనక? మహేబోర్గ్ సంతకి తీసికెల్లావు. అదీ నడిపించి," అంది సుబ్బమ్మ తలెత్తకుండా. ఆమె ఒళ్ళో చేట, చేటలో ఆకుకూర. ముదురు కాడలు ఒక పక్కకీ, లేత ఆకు ఒక పక్కకీ వేస్తోంది. మాట పెరిగినకొద్దీ కాడలు తుంచే చప్పుడు కూడా పెరుగుతోంది.

"ఆడమనిసన్నాక మాట ఇనాల."

"ముప్పై యేళ్ళబట్టి ఇంటన్నాను కాదేటి? మూడు రోజులు ఇనకపోతే నీ కొంపేటీ ములిగిపోదు."

పొయ్యి దగ్గరున్న కోడలు వసంతి, పొగ కళ్ళలో పడినట్టు మొహం అటు తిప్పుకుంది. గుమ్మంలో కూర్చుని ఉలికి పదును పెట్టుకుంటున్న కొడుకు ఆదినారాయణ మాత్రం నవ్వలేదు. వారం రోజులుగా తల్లీతండ్రుల మధ్య ఇదే గొడవ. ఎటు మాట్లాడినా తనకే తిట్లు.

గొడవ అప్పన్న గురించి. ఆ చెరకు దీవిలో లెస్కాలియే అనే ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళు ఇన్నాళ్ళూ గడ్డి పాకలో పటం పెట్టుకుని, దీపస్తంభం చుట్టూ తిరుగుతూ రామభజన చేసుకునేవారు. రెండేళ్ళుగా చెరకు పని లేని రోజుల్లో అందరూ కలిసి నల్లరాతితో గుడి కట్టుకుంటున్నారు. గోడలు లేచాయి. తలుపులు ఆదినారాయణ చేస్తున్నాడు. గుళ్ళో సింహాద్రి అప్పన్న ఉండాలని అందరిదీ ఒకే మాట. వాళ్ళ అమ్మానాన్నలు విశాఖపట్నం వైపు ఊళ్ళ నుంచి ఓడలెక్కి వచ్చినవాళ్ళు. అప్పన్న ఇంటి దేవుడు. విగ్రహం మద్రాసులో చేయించి తెప్పిద్దామని, ఆదివారం భజనయ్యాక ఉత్తరం రాద్దామని పెద్దలు అనుకున్నారు. ఆ పెద్దల్లో పెద్ద బాలయ్యే.

"సింహాచలం కొండ మీది అప్పన్న ఈ దీవిలోనే ఉండగా మద్రాసు అప్పన్న ఎందుకు?" అన్నది సుబ్బమ్మ వాదన.

ఆమె పుట్టింది బోన్ సూర్స్ ఎస్టేటులో. అక్కడి కూలీల కేంపులో చిన్న గుడి ఉండేది. గుళ్ళో అప్పన్న. సింహాచలంలో స్వామికి ఏడాది పొడుగునా చందనం పూత ఉంటుంది, వైశాఖ తదియ నాడు తప్ప నిజరూపం కనబడదు. చెరకు కేంపులో చందనం ఎక్కడిది? పసుపూ ఎర్రమట్టీ కలిపి పూసేవారు. పూత లోపలి స్వామిని సుబ్బమ్మ ఏనాడూ చూడలేదు. "మాతోపాటు ఓడలో వచ్చినాడు" అని మాత్రం వాళ్ళమ్మ చెప్పేది. పోయే ముందు కూడా కూతురి చెయ్యి పట్టుకుని, "అప్పన్నని ఒక్కణ్నీ ఒగ్గీకండి" అంది. ఒంటరిగా వదలనని సుబ్బమ్మ మాటిచ్చింది. ఆ మరుసటేడే, పద్దెనిమిది వందల తొంభై రెండులో, పెద్ద తుఫాను వచ్చి కేంపు కొట్టుకుపోయింది. మిల్లు మూసేశారు. జనం తలోవైపూ పోయారు. సుబ్బమ్మ అప్పటికే పెళ్ళయి లెస్కాలియేలో ఉంది. ఇరవయ్యేళ్ళు దాటినా తల్లికిచ్చిన మాట అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు ఆ పాత కేంపు స్థలం కూడా వచ్చే సోమవారం దున్ని చెరకు వేస్తారని మిషెలిన్ కబురు తెచ్చింది. మిషెలిన్ అదే కేంపులో పుట్టి తెలుగు నేర్చుకున్న క్రియోలు మనిషి, ఈ దీవికి ఒకప్పుడు బానిసలుగా తెచ్చినవాళ్ళ సంతతి. వాళ్ళ నాన్న మిల్లులో కమ్మరి.

"అది విగ్రహమో పసుపు ముద్దో ఎవుడు సూసేడు?" అన్నాడు బాలయ్య.

"మా అమ్మ అబద్ధం ఆడిందంటావా?"

 అత్తగారంటే బాలయ్యకి బతికుండగా భయం, పోయాక మరీ భయం. మీసం సవరించుకుని, "సరే, ఎల్లు," అన్నాడు. "శనివారం పొద్దుగూకేసరికి నీ అప్పన్నని నా ముందు పెట్టు. ఉత్తరం మానేస్తాం. లేపోతే ఆ ఊసు ఇంక ఈ ఇంట్లో ఎత్తకు."

"ఎత్తను," అంది సుబ్బమ్మ. చేటలో కాడలూ ఆకూ అన్నీ ఎప్పుడో కలిసిపోయాయి.

గురువారం తెల్లవారగానే బండి కదిలింది. బండి గోపాలుది. అతను నర్సమ్మకి మరిది, అరవై ఏళ్ళవాడు, వినికిడి కొంచెం తక్కువ. నర్సమ్మ రెండిళ్ళ అవతల ఉంటుంది. సుబ్బమ్మని వదినా అంటుంది. తనని రమ్మని ఎవరూ పిలవలేదు. కబురు తెలిసిన పూటే మూట కట్టుకుని సిద్ధమైంది.

"నాకో షరతు వదినా," అంది బండెక్కుతూనే. "తోవలో ఉన్న పాతగుళ్ళన్నీ సూడాల. దేముడెదురైతే మొకం తిప్పుకుని పోడం మరియాద కాదు."

"నీకు దేముడి మీద కాదు, తిరుగుడు మీద బక్తి," అన్నాడు గోపాలు. వినబడదనుకున్నవి మాత్రం అతనికి బాగా వినబడతాయి.

మిషెలిన్ గడ్డి టోపీ పెట్టుకుని వచ్చింది. ఆమె మూటలో రొట్టె, ఒక సీసా నీళ్ళు, ఆరు కొవ్వొత్తులు. ఎవరి దేవుడైనా దీపం వద్దనడని ఆమె నమ్మకం.

చెరకు మనిషికి రెండింతల ఎత్తున ఉంది. కోతలకి ఇంకా నెల. తోవకి రెండు వైపులా పచ్చటి గోడలు. మధ్య మధ్య పొలాల్లోంచి ఏరిన నల్లరాళ్ళని కొండల్లా పేర్చిన కుప్పలు. సుబ్బమ్మ ప్రతి కుప్పనీ చూసింది. సోమవారం దాటితే తన అప్పన్న కూడా అలాంటి కుప్పలో ఒక రాయి.

మొదట ఆగింది కాన్ ద్యాబ్‌లో. "దెయ్యం కేంపు అని ఊరికి పేరెట్టుకుని గుడి కట్టుకున్నారు, సూడు," అని నర్సమ్మ ఆశ్చర్యపోయింది. అది అరవవాళ్ళ గుడి. గోడల మీద నెమళ్ళు, రంగులు కొత్తగా మెరుస్తున్నాయి. ఇంతేనా అని ముగ్గురూ వెనుదిరగబోతుంటే పూజారి చేయి ఊపి లోపలికి పిలిచాడు. కొత్త గుడి లోపల, మధ్యన, మనిషి వంగి దూరాల్సినంత పాత గుడి ఉంది. వట్టి రాళ్ళు పేర్చిన గోడలు, నేలలో పాతిన ఒక ఈటె. డెబ్బై ఏళ్ళ కిందట మొదటివాళ్ళు పెట్టుకున్నది. నూనె మసి గోడలకి తోలులా పట్టేసింది. దాన్ని కదపకుండా చుట్టూ కొత్తది కట్టుకున్నారు.

సుబ్బమ్మ ఆ మసి గోడ మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడింది. మిషెలిన్ కొవ్వొత్తి వెలిగిస్తానని సైగ చేస్తే పూజారి తలాడించాడు. ఈటె ముందు నూనె ప్రమిద పక్కన తెల్ల కొవ్వొత్తి నిలబడింది.

"ఇలగే సెయ్యొచ్చు కదా మనోల్లు కూడాను," అంది సుబ్బమ్మ బండి దగ్గరికి వస్తూ. ఆమె మొహంలో వారం రోజుల తర్వాత మొదటిసారి వెలుగు వచ్చింది.

మధ్యాహ్నానికి సుయాక్ ఊరు దాటి సముద్రం ఒడ్డుకి వచ్చారు. అక్కడ అలల్ని ఆపే దిబ్బ లేదు. నీళ్ళు నేరుగా వచ్చి బండల మీద విరుచుకుపడుతున్నాయి. ఒడ్డున సున్నం కొట్టిన అరుగు మీద ఏడు రాళ్ళు, ఏడుగురు అక్కచెల్లెళ్ళు. ఎవరో పెట్టిన ఎర్రమందారాలు ఎండిపోయి ఉన్నాయి. దండం పెట్టుకుని అక్కడే మూటలు విప్పారు. చిక్కుడు కూర, రొట్టె, నర్సమ్మ తెచ్చిన మామిడి ఊరగాయ. మిషెలిన్ ఊరగాయ నాకి, "బోన్ ద్యే!" అని దేవుణ్ణి పిలిచింది. మళ్ళీ వేయించుకుంది.

"మా అమ్మ ఈ నీళ్ళమీదేనా వచ్చింది?" అంది సుబ్బమ్మ. లెస్కాలియే సముద్రానికి దగ్గరే. అయినా ఇలాంటి నీళ్ళని ఆమె ఎన్నడూ చూడలేదు. "మూడు నెలలు. పద్దెనిమిదేళ్ళ పిల్ల."

"నానైతే ఓడెక్కీదాన్ని కాను తల్లీ," అంది నర్సమ్మ.

"నువ్వా? ఎవులూ పిలకుండానే ఎక్కేదానివి," అన్నాడు గోపాలు.

అక్కణ్ణించి తోవ లోపలికి తిరిగింది. ఒక మలుపులో నర్సమ్మ బండి ఆపించింది. చెరకు గట్టు మీద నలుపలకల రాయి, సున్నం కొట్టి, గడ్డిలో నిటారుగా ఉంది. "ఎవురో పొలిమేర దేవత. బొట్టు కూడా లేదు పాపం," అని దిగిపోయింది. సుబ్బమ్మా దిగింది. ఇద్దరూ రాయిని కడిగారు, పసుపు రాశారు, కుంకం పెట్టారు. నర్సమ్మ తన జడలో పువ్వు తీసి పెట్టింది. చెంపలు వేసుకుని ప్రదక్షిణం మొదలుపెట్టేసరికి మిషెలిన్ రాయి వెనక్కి వెళ్ళి వంగి చూసింది. కొంచెం చదువు వచ్చిన మనిషి.

"సుబ్బా," అంది నెమ్మదిగా, "ఈ దేవతకి నంబరుంది."

రాయి వెనక రెండు అక్షరాలు, ఒక అంకె. భూమి కొలిచే దొర పాతించిన హద్దురాయి. గోపాలు నవ్వీ నవ్వీ కాడి మీద వాలిపోయాడు. నర్సమ్మ కాసేపు బిక్కమొహం వేసింది. తర్వాత, "ఏటయితే? పొలిమేర కాసీది పొలిమేర దేవతే. పువ్వు తియ్యను," అని బండెక్కింది. సూరినాం అనే ఊళ్ళో గోపాలు అక్కగారింటికి చేరేవరకూ నవ్వుకుంటూనే ఉన్నారు. నవ్వుతున్నా సుబ్బమ్మ లోపల ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది. పసుపు పూస్తే ఏ రాయైనా దేవుడిలాగే ఉంది.

శుక్రవారం పొద్దున్న బోన్ సూర్స్. మిల్లు పొగగొట్టం ఒక్కటే మిగిలింది. సుబ్బమ్మ పుట్టిన వరస ఇళ్ళ జాడ లేదు. కావిరంగు నేల మీద కాలు పెట్టనివ్వని ముళ్ళపొదలు, జామ మొక్కలు, బారులు తీరిన కలబంద. కాపలా మనిషి చిన్నయ్య కత్తి పట్టుకుని ఎదురొచ్చాడు. ముందు అనుమానంగా చూసి, తెలుగు మాట వినగానే కత్తి దించాడు.

"గుడి ఉన్నాదమ్మా. పైకప్పు లేదు గానీ గోడలున్నాయి. సోమవారం దున్నుతారు. రాళ్ళన్నీ అదిగో ఆ కుప్పలోకే," అంటూ తనే ముందు నడిచి పొదలు కొట్టాడు. "నానూ అప్పుడప్పుడు ఓ ముద్ద పసుపు పూస్తానమ్మా. మరి భయం కదా. ఒక్కణ్నే ఉంటాను."

తుఫాను పైకప్పు ఎత్తుకుపోయినా వెనక గోడలో రాతి గూడు అలాగే ఉంది. గూట్లో అప్పన్న. మూరెడు ఎత్తు, పైన గుండ్రం, పసుపు ఎర్ర కలిసిన పూత ఎండి బీటలు వారి ఉంది. సుబ్బమ్మ పరిగెత్తినట్టే వెళ్ళింది. ముళ్ళు చీర పట్టుకుంటే లాక్కుని చింపుకుంది. "వచ్చినాను నాయనా, ఆలిస్యమైపోనాది," అంటూ గూటి ముందు కూలబడి ఏడ్చింది. నర్సమ్మ దీపం పెట్టింది. మిషెలిన్ పక్కనే కొవ్వొత్తి పెట్టింది. భజన పాట ఒకటి ఎత్తుకున్నారు. చిన్నయ్య తలగుడ్డ తీసి చప్పట్లతో తాళం వేశాడు.

పాటయ్యాక సుబ్బమ్మ కొత్త చీరముక్క పరిచి, రెండు చేతులా స్వామిని పట్టుకుని ఎత్తింది. పూత పెద్ద పెంకులా ఊడి ఆమె ఒళ్ళో పడింది. రెండో పెంకు నేల మీద పడి పొడైంది. ఆమె చేతుల్లో మిగిలింది నున్నగా, కోలగా ఉంది. కళ్ళు లేవు, ముక్కు లేదు, చెయ్యీ కాలూ లేవు. రెండు కొసలూ అరిగి ఉన్నాయి.

"బాబా రోస్ కారీ!" అంది మిషెలిన్.

ఆ దీవిలో మసాలా నూరని ఇల్లు లేదు. నూరే బండని అక్కడివాళ్ళు రోస్ కారీ అంటారు. దాని మీద దొర్లించే చిన్నరాయిని బండ బిడ్డ అన్నట్టు బాబా అంటారు. తెలుగువాళ్ళు పొత్రం అంటారు. సుబ్బమ్మ చేతుల్లో ఉన్నది సన్నికల్లు పొత్రం.

 కలబంద మీద పిట్ట ఒకటి కూసింది. ముందుగా తేరుకున్నది నర్సమ్మ. "నా మూటలో పసుపుంది వదినా," అంది గొంతు తగ్గించి. "మట్టి ఇక్కడుంది. తడిపి పూసేద్దాం. లోపలేటుందో ఇంతకాలం ఎవులు సూసేరు, ఇంక ఎవులు సూస్తారు? మనం నలుగురం. ఈ బాబు సెప్పడు. మా మరిదికి ఇనబడదు."

"ఇనబడింది. సెప్పను," అన్నాడు గోపాలు.

సుబ్బమ్మకి ఏదీ ఎక్కలేదు. "కొండ మీంచి తెచ్చినారని ఊరంతా సెప్పినాను. మొగుడితో దెబ్బలాడినాను. మా అమ్మ అబద్ధం ఆడిందా? లేపోతే దానికీ తెలీదా?"

మిషెలిన్ ఆ రాయిని తీసుకుని నీళ్ళతో కడిగింది. వెలుతురుకేసి పట్టి తిప్పి చూసింది. "మీ అమ్మ ఏమంది? కొండ మీంచి వచ్చాడందా?"

"ఓడలో మాతోపాటు వచ్చినాడంది."

"అయితే అబద్ధం లేదు. చూడు దీన్ని." మిషెలిన్ వంగి కూలిన గోడరాయి ఒకటి తీసి పక్కన పెట్టింది. గోడరాయి నల్లగా ఉంది, ఒళ్ళంతా చిన్న చిన్న బొక్కలు. ఆ దీవిలో ఏ రాయైనా అంతే. పొత్రం అలా లేదు. ఎర్రటి రాయి, అందులో తెల్లటి చుక్కలు, ఎక్కడా ఒక్క బొక్క లేదు. "మా నాన్న కమ్మరి. రాయీ ఇనుమూ చూస్తూ పెరిగాను. ఈ రాయి ఇక్కడ పుట్టలేదు."

సుబ్బమ్మ రాయిని మళ్ళీ చేతుల్లోకి తీసుకుంది. బరువుగా, చల్లగా ఉంది. పద్దెనిమిదేళ్ళ పిల్ల ఊరు విడిచి వస్తూ మూటలో ఏం పెట్టుకుంటుంది? దేవుడి విగ్రహం ఎవరిస్తారు ఆమెకి? వంటింట్లోంచి చేతికి అందింది తీసుకుంది. ఇక్కడికొచ్చాక దానికే పసుపు పూసి అప్పన్న అంది.

"ఇంకోటి చెప్పనా?" అంది మిషెలిన్. "నాకు ఏడేళ్ళు. మీ తమ్ముడు పుట్టాడు. పదకొండో రోజో, పన్నెండో రోజో, తెల్లారకుండా మీవాళ్ళు నలుగురు ఆడవాళ్ళు ఈ గుడివైపు నించి ఏదో గుడ్డలో చుట్టుకుని వచ్చారు. కిటికీలోంచి చూశాను. తొట్టెలో ముందు ఒక ఎర్రరాయిని పడుకోబెట్టి, ముద్దుపెట్టి ఊపి, తర్వాత నీ తమ్ముణ్ణి పడుకోబెట్టారు. పిచ్చివాళ్ళనుకున్నాను. ఏ రాయో, ఎక్కణ్ణించి తెచ్చారో ఇప్పుడు తెలిసింది."

బిడ్డ కంటే ముందు పొత్రాన్ని తొట్టెలో పడుకోబెట్టడం సుబ్బమ్మకి తెలియనిది కాదు. ఆదినారాయణకి ఆమే చేసింది, ఇంట్లో మసాలా పొత్రంతో. రాయిలా గట్టిగా బతకమని. ఓడ దిగిన ఏళ్ళలో కేంపులో పుట్టిన బిడ్డలు నిలిచేవారు కారని వాళ్ళమ్మ అంటూండేది. అంటే ఆడవాళ్ళకి తెలుసు. బిడ్డ పుట్టిన ఇంటికల్లా అప్పన్న పూత విప్పుకుని వెళ్ళేవాడు. తెల్లారేసరికి మళ్ళీ పూత పూసుకుని గూట్లో కూర్చునేవాడు. తనకి చెప్పడానికి వాళ్ళమ్మకి వేళ దొరకలేదు, లేదా పెళ్ళయి పోయిన పిల్లకి ఎందుకని ఊరుకుంది.

"మా పిల్ల ఓదీల్‌కి నెలలు నిండాయి," అంది మిషెలిన్ తల వంచుకుని. "ముందు పుట్టిన ఇద్దరు బిడ్డలూ పోయారు, నీకు తెలుసుగా. ఒకసారి... ఇస్తావా?"

సుబ్బమ్మ రాయిని కొంగుతో తడి లేకుండా తుడిచింది. నర్సమ్మ అప్పటికే పసుపూ మట్టీ కలిపింది. ముగ్గురూ కలిసి పూత పూశారు. పైన గుండ్రంగా దిద్ది, బొట్టు పెట్టాక ఎప్పటి అప్పన్నే అయ్యాడు. తిరుగు తోవంతా సుబ్బమ్మ ఆయన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బండి కుదిపినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టింది. నర్సమ్మ ఎన్ని గుళ్ళు చూపించినా దిగలేదు.

శనివారం దీపాలు పెట్టే వేళకి బండి లెస్కాలియే చేరింది. సుబ్బమ్మ గుమ్మంలో అడుగుపెట్టి ఆగిపోయింది. ముందుగది అలికి ముగ్గువేసి ఉంది. మధ్యన కొత్త పీట. తలుపులకి తెచ్చిన టేకులో మిగిలిన చెక్కతో ఆదినారాయణ చేశాడు, అంచుకి తామర రేకులు చెక్కి. బాలయ్య స్నానం చేసి ఉతికిన పంచె కట్టుకుని నిలబడ్డాడు.

"మావే చెయ్యమన్నాడత్తా," అంది వసంతి చెవిలో. "రెండు రోజులబట్టి అన్నం సరిగా తిన్లేదు. దాని నోట అబద్ధం నానెప్పుడిన్నాను, తెచ్చీస్తాది సూడు అంటన్నాడు."

సుబ్బమ్మ స్వామిని పీట మీద పెట్టింది. బాలయ్య సాష్టాంగ పడ్డాడు. లేచేసరికి కళ్ళు తడిగా ఉన్నాయి. "నానే తప్పుమాట అన్నానే," అన్నాడు. ముప్పై ఏళ్ళలో అతను ఆ మాట అనడం ఆమె వినలేదు. "మీ అమ్మకి దండం. రేపు భజనలో అందరికీ సెప్పీస్తాను. ఉత్తరం లేదు గిత్తరం లేదు. సింహాద్రి కొండ మీంచి వచ్చిన స్వామి మనకుంటే మద్రాసు ఎందుకు?"

ఆ మాట వినాలనే ఆమె మూడు రోజులు బండి కుదుపులు భరించింది. ఊరుకుంటే చాలు. గుళ్ళో గర్భగుడిలో ఈయన కూర్చుంటాడు, వాళ్ళమ్మ మాట నిలబడుతుంది, ఊళ్ళో తన మాటకి విలువ ఉంటుంది. రేపటి నుంచి పూజారి తప్ప ఎవరూ తాకరు. పూత ఎవరూ విప్పరు. ఏ తొట్టె దగ్గరికీ వెళ్ళడు.

"వసంతీ, సెంబుతో నీల్లు తే," అంది.

అందరూ చూస్తుండగా నీళ్ళు పోసి, కొంగుతో నెమ్మదిగా తుడిచింది. పసుపు నీళ్ళు పీట మీంచి ముగ్గులోకి కారాయి. ఎర్రరాయి బయటపడింది. ఆదినారాయణ ముందుకి వంగాడు. "అమ్మా, ఇది..." అని ఆగిపోయాడు.

"పొత్రం," అంది సుబ్బమ్మ. "మీ అమ్మమ్మ ఊర్నించి తెచ్చుకున్న పొత్రం."

బాలయ్య మొహం ఎర్రబడింది. "ఏటే ఇది? యేళాకోళమా? పొత్రానికి దండమెట్టించినావా నాచేత?"

"నానూ పెట్టినాను. మా కేంపంతా నలభై యేళ్ళు పెట్టినాది." ఆమె గొంతు పెంచలేదు. గోడకి ఆనుకుని కూర్చుని గూడు, ఊడిన పెంకు, మిషెలిన్ కిటికీలోంచి చూసిన తొట్టె అన్నీ చెప్పింది. తనే కొండ అనుకున్నానని, వాళ్ళమ్మ ఓడ అని మాత్రమే అన్నదని కూడా చెప్పింది. బాలయ్య నిలబడే విన్నాడు. సగం అయ్యాక కూర్చున్నాడు. తమ్ముడి తొట్టె మాట వచ్చినప్పుడు వసంతి చేత్తో రాయిని తాకి చూసింది. అది చల్లగా ఉందో వెచ్చగా ఉందో చూసినట్టు.

"మరి రేపందరికీ నానేటి సెప్పాల?" అన్నాడు బాలయ్య చివరికి. కోపం పోయి, దారి తప్పిన మనిషి గొంతులా ఉంది.

"మద్రాసుకి ఉత్తరం రాయండి," అంది సుబ్బమ్మ. "కళ్ళూ ముక్కూ ఉన్న స్వామినే తెప్పించండి. మంచి గుడి కట్టినారు, ఆయనే ఉండాల. నానూ వచ్చి దండమెడతాను."

"మరి ఈయన?"

బాలయ్య "ఈయన" అన్నాడు, "ఇది" అనలేదు. ఆ తేడా సుబ్బమ్మ చెవిని పడింది. రాయిని పొడి గుడ్డతో తుడిచి, మళ్ళీ పీట మీద నిలబెట్టింది. ఒకసారి భర్తనీ, కొడుకునీ, కోడల్నీ వరసగా చూసింది.

"ఈయన గుడికి రాడు. ఈ ఇంట్లోనే ఉంటాడు, పూజ నాను సేస్తాను. నా తరవాత వసంతి సేస్తాది. ఎవులింట బిడ్డ పుట్టినా అడిగితే తీసికెల్తాను, మనోల్లని, కానోల్లని సూడను. ముందు మిషెలిన్ కూతురింటికి. కబురు రాగానే ఎల్తాను, ఆ నాలుగు రోజులు వంట మీరు సూసుకోండి."